గంగాలు పడవకి గేలాల అరలు

గేలం తెరుపుకి ఇంకా 24 రోజులు

పడవ పేరు గంగాలు. వయసు ఆరేళ్ళు. పెంకు మందం జానెడు. పడవలో మనుషులు ఇద్దరు: సూరాడ దానయ్య అనే నేను, మా వదిన అప్పకొండ. పొద్దున్న కుడితి పట్టాను, పడవ మొత్తం పీల్చేసింది. పొట్ట కింద నాచు గీకాను.

వారానికి రెండుసార్లైనా నాలుగు ముక్కలు రాయాలని పడవల పెంపకం కేంద్రం వాళ్ళ నియమం కాబట్టి రాస్తున్నాను. నెలకోసారి హైమవతి మేడమ్ వచ్చి, పడవ పక్కన నిలబడి ఈ పుస్తకం పైకి చదివి, పడవ మనుషులందరి చేతా సంతకం పెట్టించుకుంటుంది. ప్రాణమున్న పడవ కదా, దానికి నోరు లేదు, అందుకని మన నోటితో చెప్పాలట. మా గంగాలుకి నోరుంటే మొదటి తిట్టు నాకే.

జరిగిన సంగతి రాయాలి. మొన్న, వేట మూసే ముందు ఆఖరి రోజున, గేలాలకి ఎర గుచ్చేటప్పుడు వదిన చూసుకోక తట్టలో చెయ్యి పెట్టింది. పెద్ద గేలం అరచేతిలో దిగిపోయింది. దాని మొనకి ఎదురు ముల్లు ఉంటుంది, వెనక్కి లాగితే రాదు. అవతలి పక్కకి పొడిచి, ముల్లు కత్తిరించి, అప్పుడు తీశాం. వదిన ఒక్క కేక పెట్టలేదు. పెట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

వలలు నిషేధించిన ఏడాది మా గట్టుపాలెం మగాళ్ళలో సగం మంది పైఊళ్ళకి పోతే ఆడవాళ్ళు గేలపు తాళ్ళు పట్టారు. అప్పట్నుంచీ, అంటే పద్నాలుగేళ్ళుగా, వదిన కళ్ళు నీళ్ళ మీద, కుడి చెయ్యి తట్టలో. చూడకుండా గేలం తీస్తుంది, చూడకుండా ఎర గుచ్చుతుంది. అన్న మోకాళ్ళు పోయి గట్టు మీద కూర్చున్నాక ఆ ఇల్లు నడుస్తున్నది ఆ చేతి మీదే. నా ఇల్లు కూడా అంతే. ఎందుకంటే చేప ఎక్కడుందో నాకు ఏనాడూ తెలియదు. వదిన తిప్పమన్న వైపు పడవ తిప్పడం వరకే నా విద్య.

ఇవాళ చేతికి గుడ్డ కట్టుకుని వచ్చింది.

"ఒరే మరిదీ, నా సెయ్యి నా మాట ఇనడం మానేసింది. ఇక మీదట సూసి తీయాల. సూసి తీయాలంటే ఏ గేలం సోటు ఆ గేలానికుండాల. నీ పడవలో సోటేటుంది, సెత్తకుప్ప కాక?"

"అరలు పెడతాను వదినా."

"ఏట మళ్ళీ తెరిసే తెరుపు రోజుకి పెట్టు. నేదంటే మసేను పడవలో మూడు అరలున్నాయి. ఆడు ఏనాటి నుంచో రమ్మంటన్నాడు."

మసేను ఒడ్డున నా పక్క పడవ వాడు. వాడి పడవ కొత్త విత్తనం, పుట్టుకతోనే అరలు. దాని మొహానికి అదో గొప్ప.

ఇంకా 22 రోజులు

పడవకి కుడితి. కుండెడు చేప పేగులు, రెండు దోసిళ్ళ సున్నం. తాగింది.

మొదటి అర తొలిచాను. కుడివైపు లోపలి గోడలో, వదిన కూర్చునే చోటుకి చేతికందే ఎత్తున. పెంకు లోపల తేనెపట్టులా గుల్లగుల్లగా ఉంటుంది, ఉలి పెడితే బిస్కెట్‌లా విరిగింది. పొడవు జానెడు, లోతు బెత్తెడు. అంచులు గరుకురాయితో నున్నగా అరగదీశాను. పెంకులోంచి తెల్లటి నీరు ఊరింది. వదిన ఆకులో పసుపు పొట్లం కట్టి పంపింది. గంగాలు ఆడకూతురట, ఒళ్ళు కోసి ఊరుకుంటే ఎలా అట. నాలుగు అంచులకీ పసుపు దట్టంగా పట్టించి, బొట్టు పెట్టి, కర్పూరం చూపించాను. చిన్న గేలాలు నలభై లోపల సర్దాను. చాలా అందంగా ఉంది. మసేనుని పిలిచి చూపించాను. వాడు మెచ్చుకోలేదు. అంటే బాగుందన్నమాట.

ఇంకా 21 రోజులు

అర మూసుకుపోయింది.

నిన్న జానెడున్న నోరు ఇవాళ నా బొటనవేలు దూరేంత ఉంది. లోపల నలభై గేలాలు. వేలు పెట్టి కెలికితే చల్లగా, తడిగా, చిన్నపిల్ల చిగుళ్ళలా తగిలింది. వెంటనే వేలు తీసేశాను.

ఇంకా 19 రోజులు

మూడు అరలు తొలిచాను. మొదటిదాన్ని మళ్ళీ తెరవడానికి పూట పట్టింది. గేలాలు ఇరవై ఆరు దొరికాయి, పద్నాలుగు దొరకలేదు. ఈసారి నోళ్ళు రెండింతలు పెద్దవి చేశాను. పసుపు కూడా రెండింతలు. దైవకార్యంలో పిసినారితనం చేసినందుకే మూసుకుపోయిందేమో అని నా అనుమానం.

మసేను వచ్చి గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు.

"ఏటి దానయ్యా, పడవకి పళ్ళు పీకుతన్నావా?"

"నీ పడవ పెరగడం ఆగిపోనాదంట గదా?"

వాడి మొహం మారింది. "ఎవులు సెప్పినారు?"

"ఎవులూ సెప్పక్కర్లేదు, సూత్తే తెలుత్తంది. పొద్దున్నే ముక్కు దగ్గర కూకోని పాట పాడు. పెంకు పడవలు గొంతు వినే పెరుగుతాయి."

నమ్మడనే అనుకున్నాను.

ఇంకా 18 రోజులు

నమ్మాడు. పొద్దున్నే పడవ ముక్కు పట్టుకుని పాడుతున్నాడు. వాడి గొంతుకి కాకులు ఒడ్డు ఖాళీ చేశాయి. ఊరంతా నవ్వింది. వదిన నవ్వలేదు. గట్టున కూర్చుని తన అరచేతిని ఎండకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది.

నా మూడు అరలూ మూసుకుపోయాయి.

ఇంకా 15 రోజులు

కూర్చోబుద్ధి కావడం లేదు. అన్నం సగంలో లేచి వెళ్ళి పడవ చూసి వస్తున్నాను. పడుకుంటే కాళ్ళు వాటంతట అవే కదులుతున్నాయి. తొలుస్తున్నాను, పసుపు రాస్తున్నాను, తెల్లారి చూస్తే నున్నటి గోడ. చెక్క పెట్టె చేసి మేకులతో కొట్టాను. మేకుల్ని రెండు రోజుల్లో ఒక్కొక్కటిగా బయటికి ఉమ్మేసింది. జిగురుతో అతికించాను. పెట్టె చుట్టూ పెంకు పాకి, పెట్టె మూత మీదుగా కప్పేసింది. చూడ్డానికి పడవకి కణితి లేచినట్టుంది.

దానికి తోడు కుడివైపు బరువెక్కి గంగాలు అటు ఒరిగింది. లోపల నా గేలాలు, మేకులు, ఒక పెట్టె, ఒక ఉలి. ఎడమ పక్క సీసపు గుళ్ళు పెట్టి సరిచేశాను. ఇదంతా వదినకి చెప్పలేదు. ఆమె మాత్రం చూడకుండా ఉంటుందా?

"పడవ నీ మీద అలిగినట్టుంది," అంది.

"నా మీదెందుకు అలుగుద్ది?"

"నాకేటి తెలుసు. నా సెయ్యి కూడా నా మీద అలిగింది. కారణం సెప్పిందేటి?"

నేను లేచి నాచు గీకడానికి పోయాను. నాచు లేదు. అయినా గీకాను.

ఇంకా 13 రోజులు

హైమవతి మేడమ్ వచ్చింది. గంగాలు పక్కన నిలబడి పుస్తకం పైకి చదవడం మొదలుపెట్టింది. వదిన, నేను చేతులు కట్టుకుని విన్నాం. మసేను తనకి సంబంధం లేకపోయినా విన్నాడు. పాట సంగతి వచ్చినచోట లేచి నా మీదికి రాబోతే మేడమ్ ఆపింది.

పసుపు అన్న మాట మూడోసారి వచ్చేసరికి మేడమ్ చదవడం ఆపి నా మొహం చూసింది. నాలుగోసారికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత పడవ అంచు పట్టుకుని నవ్వింది.

"దానయ్యగారూ, కోసిన ప్రతిచోటా పసుపు రాశారా?"

"రాయకుండా ఎలాగమ్మా?"

"పెంకు పగిలిన పడవలకి మేం వేసే మందు దేంతో చేస్తారో తెలుసా? పసుపుతోనే. మీరు రోజూ గాయం చేసి రోజూ మందు రాస్తున్నారు. పడవ బుద్ధిగా మానిపోతోంది."

వదిన నా వైపు చూసింది. ఆ పసుపు పంపింది తనే కాబట్టి నన్ను తిట్టలేక, తనని తాను తిట్టుకోలేక, మసేనుని తిట్టింది. "నీకేటి పనిరా ఇక్కడ? ఎల్లు."

పసుపు మానేస్తే సరిపోతుందా అని అడిగాను. సరిపోదంది మేడమ్. నెమ్మదిగానైనా మానుతుందట, మానకపోతే కుళ్ళుతుందట. అరలు కావాలంటే కోయడం తప్పు, పెంచాలి. అర సైజుకి ఏదైనా దిమ్మ గోడకి ఆనించి కట్టి, దాని చుట్టూ పెంకు పైపైన గీరి, అక్కడ పసుపు రాయాలి. పెంకు దిమ్మ చుట్టూ ఎక్కుతుంది. తర్వాత దిమ్మ తీసేస్తే అర. నా చెక్క పెట్టె చుట్టూ చేసింది అదేనట. నేనే దాన్ని కణితి అనుకున్నాను.

అంతవరకూ బాగుంది. పేజీ తిప్పి మొదటి రోజు రాసింది చదివింది. క్రమం ప్రకారం మొదట చదవాల్సింది, తేదీ పైన నూనె మరకుండి దాటేసిందట. "వదిన చూసుకోక తట్టలో చెయ్యి పెట్టింది" అని చదివి, "ఇది నిజమేనా అప్పకొండమ్మగారూ?" అని అడిగింది. ప్రమాదం జరిగితే అడగాలట.

వదిన అంది: "నిజమేనమ్మా. సూసుకోనేదు. వయసైపోతంది గదా, సెయ్యి ఎటెల్తందో తెలవడం నేదు."

పెన్ను తీసుకుని, గుడ్డ కట్టిన చేత్తోనే, నా రాత కింద సంతకం పెట్టింది.

అదే రోజు, సాయంత్రం

ఒక రోజు కింద రెండుసార్లు రాయకూడదని నియమం ఉందేమో తెలియదు. రాస్తున్నాను.

మొదటి రోజు నేను రాసింది అబద్ధం. వదిన తప్పేమీ లేదు. తట్టలో ఒక పక్క తాడు చుట్టలు, ఇంకో పక్క అంచు కొబ్బరిపీచులో గుచ్చిన గేలాలు ఉంటాయి. కాడలు వదిన వైపు, మొనలు అవతలి వైపు. పద్నాలుగేళ్ళుగా అదే అమరిక. ఆ రోజు ఆమె నీళ్ళు చూస్తున్నప్పుడు నేను తట్టని సగం తిప్పాను. చెయ్యి తాడులో చిక్కుకుంటుంది, నన్ను బూతులు తిడుతుంది, నవ్వుకుంటాం అనుకున్నాను. సగం తిప్పితే తాడు రావాలి కదా. కాస్త తక్కువ తిప్పాను. మొనలు వచ్చాయి.

రక్తం చూడగానే చెప్పాల్సింది. అప్పుడు గేలం తీయడంలో పడ్డాను. గేలం తీశాక ఆమె "నా సెయ్యే" అంది. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం ఎంత సులువో ఆ రోజే తెలిసింది.

ఇది వచ్చే నెల చదువుతారు. తెరుపు అయిపోయాక. ఈలోగా నేను చెప్పకపోతే ఈ పుస్తకమే చెబుతుంది, అదీ మసేను ముందు.

ఇంకా 12 రోజులు

దిమ్మలకి చెక్క పనికిరాదు, పెంకు పట్టేస్తే ఊడిరాదు. ఏం పెట్టాలా అని ఒడ్డంతా తిరిగాను. గుట్ట మీద అరటితోటలో గెలలు కోసేసిన చెట్లు నరుకుతున్నారు. అరటి బోదె! మెత్తగా కోసుకోవచ్చు, ఎండితే దానంతటదే చిక్కిపోతుంది. ఏడు ముక్కలు చెక్కాను. పెద్ద గేలాలకి రెండు, చిన్నవాటికి రెండు, సీసపు గుళ్ళకి ఒకటి, తాడు ఉండలకి ఒకటి, కత్తికీ కత్తెరకీ కలిపి ఒకటి. గోడకి ఆనించి తాడుతో బిగించాను. చుట్టూ గీరాను. పసుపు రాశాను. ఈసారి భక్తితో కాదు, లెక్కతో.

వదిన ఇంట్లో ఎలా ఉందని అన్నని అడిగాను.

"కూర కలపడానికి గరిటె తీసినా సూసి తీత్తంది. ఉప్పు డబ్బా సూసిందే మళ్ళీ సూత్తంది. ఏటైనాదో తెలవదురా."

ఇంకా 8 రోజులు

కుడితి రెండు పూటలా పడుతున్నాను. గంగాలు ఆకలిగా ఉంది. బోదె ముక్కల చుట్టూ తెల్లటి పొర, గోరంత మందం ఎక్కింది. గోరుతో కొడితే టంగుమంటోంది. పని సాగుతోంది. పని సాగకపోతే బాగుండేది, అప్పుడు ఆ తలనొప్పే సరిపోయేది నాకు.

చెప్పడానికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఆమె చేపలు ఆరబెడుతోంది. పిల్లి వచ్చింది, పిల్లి గురించి మాట్లాడి వచ్చేశాను. రెండోసారి పిల్లి కూడా లేదు. అయినా పిల్లి గురించే మాట్లాడాను.

ఇంకా 5 రోజులు

బోదెలు ఎండి, చిక్కి, ఒక్కో గుంజుకి బయటికి జారాయి. ఏడు అరలు. లోపల ముత్యంలా నున్నగా, వేలు పెడితే జారిపోయేంత. ముందు అంచు దానంతటదే అర అంగుళం పైకి వంపు తిరిగింది, పడవ ఊగినా ఏదీ బయటికి దొర్లదు. ఇంత అందమైన పని నా చేతుల మీదుగా జరగడం ఇదే మొదలు. నిజానికి నేను కట్టానంతే, చేసింది గంగాలు.

వదిన వచ్చింది. ఒక్కో అరలో చెయ్యి పెట్టి చూసింది. మెల్లగా, పాము కన్నంలో పెట్టినట్టు. తర్వాత గేలాలు సైజుల వారీగా సర్దింది.

"ఇన్నాళ్ళూ నువ్వు ఎకసెక్కాలకే పనికొత్తావనుకున్నానురా. నా సెయ్యి పోనాదని నా కోసం ఇంత సేసినావు. మీ అన్న కూడా ఇంత సెయ్యలేదు."

ఆ మాట విన్నాక నేను పడవలోంచి నీళ్ళలోకి దిగి మోకాళ్ళ లోతున నిలబడ్డాను. ఎందుకు దిగావని అడిగింది. నాచు అన్నాను.

ఇంకా 3 రోజులు

చెప్పేశాను.

పొద్దున్న ఇంటి ముందు కూర్చుని పాత తాళ్ళకి గేలాలు మారుస్తోంది. ఒక్కొక్కటీ కళ్ళ దగ్గరకి తెచ్చుకుని చూసి, అప్పుడు ముడి వేస్తోంది. నాకు ఇంక ఆగలేదు. నిలబడే చెప్పాను. కూర్చుంటే మళ్ళీ పిల్లి వస్తుందని భయం.

"ఆ రోజు తట్ట నేనే తిప్పినాను వదినా."

చేతిలో ముడి అలాగే ఉంది. "ఏటి తిప్పినావు?"

"గేలాల తట్ట. నువ్వు నీళ్ళు సూత్తన్నప్పుడు. ఎకసెక్కానికి."

"ఎంత తిప్పినావు?"

"సగానికి తక్కువ."

"మొనలు నా ఏపు ఒచ్చినాయా?"

"ఒచ్చినాయి."

తిడుతుందని మొహం సిద్ధం చేసుకున్నాను. తిట్టలేదు. లోపలికి వెళ్ళి తట్ట తెచ్చింది. కుడివైపు పెట్టుకుంది. కాడలు తన వైపు ఉండేలా సర్దుకుంది. మొహం సముద్రం వైపు తిప్పి, చెయ్యి వేసింది. ఒకటి తీసింది. పక్కన పెట్టింది. ఇంకొకటి. ఇంకొకటి. గాయం ఇంకా ఎర్రగానే ఉంది, వేళ్ళు మాత్రం ఎక్కడా తడుముకోలేదు. నలభై గేలాలు, ఒక్కటీ చూడకుండా తీసింది. చివరిది తీశాక ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండో చెయ్యి పెట్టింది.

"నా సెయ్యి మంచిదే," అంది. నాతో కాదు.

తర్వాత నాతో అంది: "ఇరవై మూడు దినాలురా. కూడు కలుపుకుంటా కూడా సెయ్యి సూసుకున్నాను. మీ అన్నకి ఏడి గంజి ఒంపడానికి బయపడ్డాను. మాయమ్మకి ముసిలితనంలో మతి పోనాది, నాకూ అదే ఒచ్చేసిందనుకున్నాను. ఎవులికీ సెప్పలేదు. నీకు తెలుసు గదా, నువ్వెందుకు సెప్పలేదు?"

"బయమేసింది."

"దేనికి? నాను పడవ దిగిపోతానని?"

"అవును."

"అందుకని నన్ను పిచ్చిదాన్ని సేసి కూకోబెట్టినావు. ఎల్లు."

నేను వెళ్ళలేదు. ఇంకోసారి "ఎల్లు" అంది. వెళ్ళాను.

ఇంకా 1 రోజు

కుడితి. నాచు. ఎడమ పక్క పెరిగిన అరల బరువుకి గంగాలు నిటారుగా ఉంది, సరిచేయడానికి పెట్టిన సీసపు గుళ్ళు తీసేశాను. అరల్లో అన్నీ సర్ది ఉన్నాయి. వదిన రాలేదు. మబ్బు లేదు. గాలి తూర్పు నుంచి. ఇంక రాయడానికి ఏమీ లేదు, అయినా పెన్ను కింద పెట్టబుద్ధి కావడం లేదు.

గేలం తెరుపు

పొద్దున్నే ఒడ్డున పద్దెనిమిది పడవలు వరసగా నిలిచాయి. వదిన తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. నా గంగాలు దగ్గర ఆగింది. లోపలికి వంగి, ఏడు అరల మీదా అరచెయ్యి ఒకసారి నిమిరింది.

"మంచి అరలు. బాగా పెంచింది," అంది. "దీని మీద నాకేటీ కోపం నేదు."

"వదినా, పద. ఎక్కు."

"ఈ ఏడు ఎక్కను. సెయ్యి సెడిపోనాదనుకుంటే బయంతో మసేను పడవ ఎక్కేదాన్ని. ఇప్పుడు బయం నేదు. కోపంతో ఎక్కుతన్నాను. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు సూద్దాం."

వెళ్ళి మసేను పడవ ఎక్కింది. మసేను నా వైపు చూసి ఏదో అనబోయాడు. వదిన "నోరుముయ్యి, తెడ్డు పట్టు" అంది. వాడు పట్టాడు.

నియమం ప్రకారం రాయాల్సినవి రాస్తున్నాను. పడవలో మనుషులు: ఒకరు. అరలు: ఏడు, అన్నీ తెరుచుకుని ఉన్నాయి. చేతికి కావలసిన గేలం కావలసిన చోట ఉంది. మధ్యాహ్నం దాకా తాడు వేశాను, తీశాను. కానాగంత చేపలు మూడు, పనికిరాని ముళ్ళ చేప ఒకటి. ఎక్కడ వేయాలో చెప్పేవాళ్ళు లేరు. నీళ్ళు చూశాను. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

మసేను పడవ నా పక్కగా వెళ్ళింది, రెండు తాళ్ళ దూరంలో. వదిన వెనక కూర్చుంది. కళ్ళు నీళ్ళ మీద ఉన్నాయి. కుడి చెయ్యి తట్టలోకి వెళ్ళింది, గేలంతో బయటికి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఒక్కసారి కూడా చూసుకోలేదు. నేను ఎర చేతిలో పట్టుకుని అదే చూస్తూ ఉండిపోయాను. తాడు జారిపోతున్నా పట్టించుకోలేదు.

నా వైపు తల తిప్పకుండానే అరిచింది.

"ఒరే! అక్కడేటుంది, నీ బొంద! దచ్చినానికి తిప్పు! నల్లరాయి దాటి ఎయ్యి!"

మసేను గోల పెట్టాడు, చోటు మనది కదా అందరికీ చెబుతావేంటని. వాడికి ఏం జవాబు చెప్పిందో గాలికి వినపడలేదు.

నేను దక్షిణానికి తిప్పాను.